రెండు వేళ్లతో లేచే కుర్చీ

"పని మానేశానంటివి గదా తాతయ్యా, మరి ఈ కుర్చీ ఎవరికి?" అని అడిగా.

మా నందిగామ ఇంటి వరండాలో, సన్నటి కాళ్లమీద, ఎగరబోతున్న కొంగలా నిలబడుందది. నాకు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. మా తాతయ్య వీరాచారి వడ్రంగి. చెక్క నునుపుచేసే చిత్రిక పక్కనబెట్టి చెప్పడం మొదలెట్టాడు. చెప్పింది చెప్పినట్టే రాసుకున్నా.

జగ్గయ్యపేట శ్రీధర్ బాబుకే. పోయిన నెల బస్సెక్కి వెళ్లొచ్చా గదా, మీ అమ్మ తిట్టింది కూడా, ఆయనకే. బొంబాయిలో కుర్చీల చదువు చదివొచ్చాడు. కుర్చీలకి కూడా చదువుంటదా అని నవ్వుకునేవాళ్లం. వాళ్ల నాన్నకి పెనుగంచిప్రోలు దగ్గర మిరప తోటలు. 'ఇంత చదివిస్తే వడ్రంగం చేస్తానంటాడేంట్రా వీడు' అనేవాడు, నా ముందే. నేను వడ్రంగినేగా. సరే, అదట్టా ఉంచు.

ఇక్కడే నందిగామలో షెడ్డేసి నన్ను పెట్టుకున్నాడు. అప్పట్లో కుర్చీ అంటే ఏంటి, సింహం కాళ్లు, వీపుకి నెమళ్లు, మీ నాయనమ్మ పుట్టింట్లో ఉండేది చూడు, నలుగురు పడితేగాని కదలదు, అట్టాంటిది. ఈయనేమో నెమలొద్దు, పువ్వొద్దు. కాయితం మీద నాలుగు గీతలు గీసి ఇదే అన్నాడు. టేకు కూడా కాదు, మున్నేటి గట్టు తుమ్మ. తుమ్మంటే పొయ్యిలోకేగా అప్పుడు, బండెడు అడిగితే ఊరికే ఇచ్చేవాళ్లు. చెరుకు గడంత కాలు. కాలి కొసన సన్నగా చెక్కిన కుసి పైచట్రం బెజ్జంలో బిగుతుగా దిగాలి, అంతే. మేకనేది ఉండకూడదు. 'ముసలాడు కూడా రెండు వేళ్లతో ఎత్తి ఎండలోకి జరుపుకోవాలి ఆచారీ, అదీ కుర్చీ' అనేవాడు.

ముందు ఒక్కటే చేశాం. జగ్గయ్యపేటలో కల్యాణమండపం తీసుకుని నలుగురినీ పిలిచాడు. వాళ్ల నాన్న వచ్చి కూర్చుంటానన్నాడు, మొదటిసారి. బాబుకి ఆ పూట అన్నం సయించలా. నేనేం చేశానంటే... ఉండు, మంచినీళ్లియ్యి.

కాదు, బాబు తిన్నాడులే, భోజనానికే వెళ్లాడు. అప్పుడే. నాకు నమ్మకం చాల్లా. ఈ పుల్లల మీద అంత మనిషి కూర్చుని పడితే, చేసింది వీరాచారేగా అంటారు, గీసిందెవరని అడుగుతారా? చాటుగా ఒక్కో కుసిలోకి ఒక్కో మేకు దిగ్గొట్టా. రంపంపొట్టు బంకలో కలిపి పైన పూసేశా. కనపడదు. ఎండిన తుమ్మ మేకుని తట్టుకోదే, లోపల్లోపలే చీలుద్ది. మా ఇళ్లల్లో పదేళ్ల పిల్లకి కూడా తెలుసు ఆ సంగతి. తెలిసే కొట్టా, ఆ ఒక్క పూటకి ఆగుద్దిలే అని.

పెద్దాయన వచ్చాడు, కూర్చున్నాడు. ఒక్క నిమిషం బాగానే ఉంది. కొడుకు వంక చూసి నవ్వాడే... నవ్వబోయాడు. కాలు పటుక్కుమంది. మనిషి వెల్లకిలా. జనమంతా ఒకటే నవ్వు. 'నీ చదువు నా నడ్డి మీదకొచ్చింది గదరా' అని కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. ప్రాణం పోయేదాకా మా షెడ్డు గుమ్మం తొక్కలా.

ముక్కలెవరేరారనుకున్నావు? నేనే. విరిగిన కాల్లోంచి బయటపడ్డ మేకు బాబు కంటబడకుండా తుండులో మూటగట్టా. ఆయన నా భుజం మీద చెయ్యేసి 'నీ పని తప్పు కాదు ఆచారీ, నా గీత తప్పు' అన్నాడు. నేనేమో అవునన్నట్టు తలూపా.

ఇక ఆయన గీతలన్నీ లావైపోయినయ్. రోకళ్లంత కాళ్లు. అవే అమ్ముడుపోయినయ్, పేరూ తెచ్చినయ్, హైదరాబాదు ఆఫీసుల దాకా పోయినయ్. మొదటి లావు కుర్చీ అయ్యాక 'ఎట్టా ఉంది?' అన్నాడు నన్ను. 'ఇదండీ కుర్చీ అంటే' అన్నా. అన్నానే ఆ మాట. మేకు కొట్టిందానికన్నా అదే నన్ను ఎక్కువ కొరుకుద్ది.

పోయిన నెల వెళ్తే ఆ లావు కుర్చీలోనే ఉన్నాడు. మోకాళ్లు పోయినయ్. వరండా చివర ఇంత ఎండుంది. గోడ పట్టుకుని లేచి 'కాస్త అటు జరపవా ఆచారీ, నా వల్ల కావట్లా' అన్నాడు. నా వల్లా కాలా. వాళ్ల కోడల్ని పిలిచాం. అప్పుడన్నా చెప్పాలిగా? టీ తాగి వచ్చేశా.

అందుకే ఇది. అదే గీత, అదే తుమ్మ. ఈ వయసులో నెల పట్టింది. మేకు లేదు. ఇదిగో, పాత మేకు, ఇన్నేళ్లూ ఉలుల పెట్టెలో దాచా. ఆదివారం నువ్వు తోడు రా. కుర్చీ నువ్వు పట్టుకో. మేకు ఆయన చేతిలో పెట్టేది మాత్రం నేనే. ఏమన్నా అననియ్, నువ్వు అడ్డం రామాక.

ముందు నువ్వు కూర్చో ఒకసారి. భయపడమాక. పూర్తిగా కూర్చో, వెనక్కి ఆనుకో... ఆఁ. చూశావా. అప్పుడు కూడా నిలబడేదే. నిలబడేదే తల్లీ.

లేవమాక, ఇంకాసేపు కూర్చో. అట్టాగే... అట్టాగే చల్లగా ఉండు, నూరేళ్లు...