పసుపు రాసిన కవర్లు

ముత్తుకూరులో ఒకప్పుడు గే, లెస్బియన్ల కోసం నెలనెలా చిన్న పత్రిక అచ్చువేసిన ప్రెస్సు అది. పాత ఎడిటరును వెతుక్కుంటూ ఒక అమ్మాయి వచ్చింది.

“మా మామ పోయినాక ఆయన బీరువాలో మీ పత్రికలు దొరికినాయి సార్. అన్నీ శుభలేఖ కవర్లలోనే ఉండాయి.”

“మూలలకు పసుపు రాసి పోస్టు చేసేవాణ్ణి పాపా. ఇంట్లోవాళ్ళకు అనుమానం రాకూడదని.”

“రాలేదు సార్. నెలనెలా ఎవరో ఒకరు పిలుస్తా ఉంటే పెళ్ళికి పోకపోతే ఎట్లా అని అవ్వ ఆయన్ని తరిమేది. ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయేవాడు.”

“ఎక్కడికి?”

“పత్రికలో అడ్రసు చూసుకొని ఈ వీధికే. ఎదురుగా ఉండే టీ కొట్లో కూర్చొని, సాయంత్రం ఇంటికొచ్చి, పెళ్ళి భోజనం బాగుండిందని చెప్పేవాడంట. కన్ను మూసే ముందు నాకొక్కదానికే చెప్పినాడు.”

“మరి లోపలికి రాలేదే?”

“వద్దామని లేచినప్పుడల్లా మీరు షట్టరు దించేసేవాళ్ళంట.”

ఎడిటరు టీ కొట్టు వైపు చూశాడు.

“ఆ ఇస్త్రీ చొక్కా చూసి పోలీసనుకున్నా పాపా. చదివేవాళ్ళు ఒక్కరన్నా వస్తారేమోనని పొద్దున్నుంచీ కాచుకొని ఉండేవాణ్ణి. ఆయన లేస్తానే షట్టరు దించేవాణ్ణి.”