బెల్లం దూలం

సుంకన్న అని మిషను కుట్టేటోడు ఒకడు ఉన్యాడంట. ఏ ఊరని అడగద్దండి, చెప్తే ఆ ఊరోళ్ళు నా మీదికి కయ్యానికొస్తారు. మంచోడే. ఎవరి జోలికీ పోడు, రయికెలు కుడ్తాడు, అంగీలు కుడ్తాడు. పొద్దస్తమానం మిషను తొక్కి తొక్కి కాళ్ళు మటుకు ఇనుమే అనుకో. చేతులు చూస్తే గోగుపుల్లలు. వాని పెండ్లాము మారెక్క. పనిమంతురాలు, నవ్విందంటే వీధి ఆ చివరికి వినపడాల. కాపురానికి ఏం తక్కువ లేదు. అయితే ఏమైందంటే, ఆ మారెక్కకు మేనమామ కొడుకు ఒకడు ఉన్యాడు, కదిరప్ప అని. బండ్లకు మూటలెత్తే పని. వాకిట్లోకి రావాలంటే రోంత పక్కకు తిరిగి రావాల, అంత బుజాలు. పెండ్లి కాలేదు వానికి. ఎందుకు కాలేదంటే నాకేం తెలుసు, నన్నడిగి మానుకున్యాడా?

ఆ ఊర్లో ఏరువాక పున్నమి నాడు ఒక ఆట ఉండాది. రెండు రాతి కూసాలు, వాటి మీద అడ్డంగా ఒక దూలం. దూలం నడిమధ్యలో బెల్లం గడ్డ పెడ్తారు. మొగోడు ఆ దూలం పట్టుకొని వేలాడాల, ఒట్టి చేతుల బలంతో గడ్డం దూలం పైకి పోయేదాకా ఒళ్ళు లాక్కోవాల, ఆ బెల్లం నోటితో అందుకోవాల. కాళ్ళు ఆన్చుకుంటారని కాళ్ళు రెండూ టవాలుతో కట్టేస్తారు. అందుకున్యోడు దాన్ని పెండ్లాము ఒళ్ళో వెయ్యాల. పెండ్లాము లేనోడు మరదలి ఒళ్ళో వెయ్యాల. అది పెద్దలు పెట్టిన కట్టుబాటు. ఇంక చూడు, ప్రతి ఏడూ ఎవరెక్కుతారు? కదిరప్ప. ప్రతి ఏడూ ఎవరి ఒళ్ళో పడ్తాది? మారెక్క ఒళ్ళో. "పిల్లా, ఒడి పట్టు" అంటాడంట వాడు. ఈయమ్మ కొంగు పట్టి పకపకా నవ్వుతాది. ఊరు ఊరంతా ఈలలు. సుంకన్న ఆ పక్కన టవాలు నలుపుకుంటా నిలబడి ఉంటాడు. వాని కడుపులో ఎట్లుంటాదో మీరే చెప్పండి. ఏమ్మే, నవ్వద్దు, నీ మొగునికి జరిగితే తెలుస్తాది.

అది చాలదన్నట్ల, ఆ కదిరప్ప అంగీలు కుట్టేది కూడా సుంకన్నే. ఒక ఏడు పండగ ముందర వచ్చి, "తమ్ముడా, బుజం కాడ పట్టేస్తాంది, ఈసారి రోంత వదులు పెట్టు" అన్యాడంట. సుంకన్న టేపు తీసి వాని దండచెయ్యి కొలస్తా ఉంటే, మారెక్క గడపలో నిలబడి, "ఏం తింటావు బావా, మా ఆయన టేపు చాలేట్టు లేదే!" అనె. ఊరికే అనిందిలే, పరాచికం. సుంకన్నకు మటుకు ఒళ్ళంతా భగ్గుమనె. కుళ్ళు, ఇంకేముంది! ఏం చేసినాడు? వదులు పెట్టమంటే ఇంకా బిగించి కుట్టినాడు. చేతులు పైకెత్తలేకుండా దూలం కింద నవ్వులపాలు కావాల అని. పండగ రానే వచ్చె. కదిరప్ప ఆ అంగీతోనే దూలం పట్టుకున్యాడు. ఒక్క గుంజు గుంజినాడో లేదో, రెండు బుజాల కాడా పర్రుమని చినిగిపాయె. చినిగితే ఏమైంది? వాని కండలు మొత్తం బయటపడె. ఇన్నేండ్లూ అంగీలో దాగున్యెవి ఇప్పుడు ఎండలో మెరస్తా ఉంటే ఆడోళ్ళు "అబ్బో!" అన్యారంట. ఎప్పుడూ లేనన్ని ఈలలు. చూడు వీని తెలివి! చేతులారా కుట్టి పెట్టినాడు. ఇంటికి పోతా మారెక్క ఏమనింది? "చేతులంటే అవయ్యా!" అనింది. 

ఇంక సుంకన్న తెల్లారి లేచి ఒకప్పుడు కుస్తీలు నేర్పే తాలింఖానా నడిపిన మౌలాలి వస్తాదు కాడికి పోయినాడు. వస్తాదు ముసలాయన, పళ్ళూడిపోయినాయి, శిష్యులంతా టవును చేరినారు, ఒక కొట్టం మిగిలింది. "తాతా, నేను దూలం ఎక్కాల" అన్యాడు. ఏదీ, ఒక దండీ తియ్యి చూస్తాం అన్యాడు ఆయన. సుంకన్న నేల మీద చేతులు పెట్టి కిందికి దిగినాడు. దిగినోడు దిగినట్లే. గడ్డం పోయి బండకు కొట్టుకొనె. వస్తాదు నవ్వలేదంట, అది మెచ్చుకోవాల. "ఓరి నీ, నేల నీకు ఇప్పుడే ఎందుకురా? ముందు గోడను తొయ్యి" అన్యాడు. గోడకు చేతులాన్చి, ఒళ్ళు ఏటవాలుగా పెట్టి, దగ్గరికి పోవాల, వెనక్కు రావాల. సుంకన్నకు రోషమొచ్చె. ఆడ కదిరప్ప మూటలెత్తుతాంటే నేనీడ గోడ తోసేదా అని. "నువ్వు కదిరప్పను ఎత్తేదానికొచ్చినావా, నిన్ను నువ్వు ఎత్తుకునేదానికొచ్చినావా?" అన్యాడు వస్తాదు. సరే, తోసినాడు. గోడ సులువైనాక అరుగు పట్టుకొని, అరుగు సులువైనాక మంచంపట్టె పట్టుకొని, అట్లా కిందికి కిందికి దిగి, చలికాలానికి నేల మీద దండీ తీసినాడంట. ఒక్కటే. ఆ ఒక్కదానికి ఇల్లు కట్టినంత సంబరం.

కొట్టంలో దూలం మటుకు మాట వినలేదు. పట్టుకొని వేలాడ్తాడు, ఉప్పుకండ ఎండేసినట్ల వేలాడ్తానే ఉంటాడు, జానెడు కూడా పైకి పోడు. అప్పుడు వస్తాదు ఏమన్యాడంటే, "పైకి పోలేనోడు పైనుంచి కిందికి రావాలరా. పీట ఎక్కి గడ్డం దూలం మీద పెట్టుకో, పీట తన్నేయి, ఎంత మెల్లగా దిగగల్తావో అంత మెల్లగా దిగు. దిగేదాంట్లోనే బలమొస్తాది" అన్యాడు. సుంకన్నకు ఇది నచ్చె. పీట తన్నేది కదిరప్పను తన్నినట్లే తన్నేటోడంట. దినామూ అదే పని. మిషను మీద కూర్చుంటే చేతులు వణికి కుట్లు వంకర పోతాండాయి. పెండ్లానికి మటుకు చెప్పలేదు. చెప్తే నవ్వుతాది, నవ్వితే వీధంతా వింటాది, వీధంతా వింటే కదిరప్ప వింటాడు.

అయితే ఆడమనిషికి కండ్లు లేవా? మొగుడు కోడి కూయక ముందే లేస్తాడు, చెమటలు కార్చుకుంటా వస్తాడు, ఎగశ్వాస తీస్తాడు, అడిగితే వస్తాదు వీధిలో పనుండె అంటాడు. ఆ వస్తాదు వీధిలోనే గాజులమ్మే ఒకామె ఉండాది. ఇంక అర్థమాయె గదా. మారెక్క నవ్వు నిలిచిపాయె. కూరలో ఉప్పు ఎక్కువాయె, మాట తక్కువాయె. "గాజులు బాగుండాయా ఆ వీధిలో?" అంటాదంట అన్నం పెడ్తా. సుంకన్నకు తెలీదే! గాజులడుగుతాందేమో అని ఒక డజను తెచ్చిచ్చినాడు. అయ్యో, వాని మొఖం మీద విసిరికొట్టె!

ఒకనాడు పొద్దున్నే మారెక్క వాని వెనకాలే పోయింది, కొంగు నడుముకు చుట్టుకొని, ఈపొద్దు ఆ గాజులామె జుట్టు నా చేతిలో ఉండాల్సిందే అని. చూస్తే మొగుడు గాజులిల్లు దాటి కొట్టంలో దూరినాడు. తలుపు సందులో నుంచి చూసింది. వాడు పీట ఎక్కినాడు. తల దూలం కాడికి పోయె. పీటను ఎగిరి తన్నినాడు. ఇంక ఆయమ్మ, "ఓరి నాయనో! నేనన్న మాటలకు సచ్చిపోతాండాడు దేవుడో!" అని ఒక్క కేక పెట్టి, తలుపు తోసుకొని వచ్చి, వాని రెండు కాళ్ళూ వాటేసుకొని బలంకొద్దీ పైకెత్తిందంట. సుంకన్న అప్పటికే సగం దిగినాడు. దిగినోడు మళ్ళా జర్రున పైకి పాయె, గడ్డం దూలం దాటె, నెత్తి కప్పుకు కొట్టుకొనె. "వదలే! వదలే!" అని వాడు. "వదల్ను, నువ్వు సస్తే నేనెట్లా బతికేది!" అని ఈయమ్మ. వస్తాదు మూలన కూర్చొని, "వదలద్దమ్మా, బాగుంది, ఇట్లాగే రోంతసేపు పట్టుకో, వానికి ఇదే కావాల్సింది" అన్యాడంట. ఆ పొద్దు నుంచి ఆమే కింద నిలబడి కాళ్ళెత్తేది. దినదినానికి ఆమె ఎత్తేది తగ్గె, వాడు లాక్కునేది పెరిగె. కడకు ఒకనాడు ఆమె ఊరికే చెయ్యి ఆన్చినట్లుంటే, వాడంతట వాడే పైకి పోయినాడు.

ఏరువాక వచ్చె. కదిరప్ప ముందు పట్టుకున్యాడు. సగం దూరం పోయి, చెయ్యి జారి కిందపడె. రాత్రంతా మూటలెత్తినాడంట, చేతులు అరిగిపోయినాయి. ఇంకొకడు పడె, ఇంకొకడు పడె. సుంకన్న పోయి కాళ్ళు కట్టించుకుంటే జనం నవ్వినారు. వాడు మొఖం ఎర్రగా చేసుకొని, మెడనరాలు తాళ్ళంత లేచి, మెల్లగా, మెల్లగా, గడ్డం దూలం మీద పెట్టినాడు! బెల్లం కొరికినాడు! దిగి పెండ్లాము ఒళ్ళో వేసినాడు. మారెక్క కండ్లెంబడి నీళ్ళు, నోటెంబడి నవ్వు. వానికి ఇంకేం కావాల? అంతా అయిపోయిందనుకున్యాడు.

ఇంటికొచ్చినాక మారెక్క ఆ బెల్లంతో పాయసం చేసింది. మొదటి గ్లాసు తీసి మూత పెట్టి బయటికి పోతాంది. యాడికే అన్యాడు. "పాపం, కదిరప్ప బావకయ్యా. ఇన్నేండ్లు బెల్లం మనకిచ్చినాడు, ఆ పాయసం నువ్వు రెండు సార్లు పోయించుకొని తాగుతాంటివి గదా. ఈపొద్దు చేతులు కొట్టుకపోయి కూర్చున్యాడంట. ఆ మొఖం చూస్తే నాకు కడుపు తరుక్కపాయె" అనింది. కడుపు తరుక్కపాయెనంట! వాడు గెలిచినన్ని ఏండ్లూ ఊరికే నవ్విందేగాని, ఇంత మాట ఏనాడైనా అనిందా? సుంకన్న పాయసం ముట్టలేదు. తెల్లారి చూస్తే వాడు పక్కలో లేడు. మారెక్క కొట్టానికి పోతే, మళ్ళా దూలానికి వేలాడ్తాండాడు. "గెలిచినావు గదయ్యా, ఇంకా ఏం సాధన?" అనింది. వాడు వేలాడ్తానే ఏమన్యాడు? "నోరు మూసుకొని పోవే. ఎట్లా జారితే చూసేటోళ్ళకు పాపమనిపిస్తాదో నేర్చుకుంటాండా" అన్యాడు.

ఇంక మరుసటేడు ఏమైందనుకున్యారు? ఆ పాయసం రుచి మరిగిన కదిరప్ప కూడా పడేదానికే వచ్చినాడంట. ఇద్దరూ పక్కపక్కనే దూలం పట్టుకొని, నువ్వు పైకి పోరా అంటే నువ్వు పైకి పోరా అని, మూలుగుతా వేలాడ్తా ఉన్యారు. జనానికి అన్నాల వేళ ఆయె, ఎవరిండ్లకు వాళ్ళు పోయినారు. మారెక్క ముందే పాయె, ఆయమ్మకు పనుండదా? బెల్లం చీమలు తిన్యాయి. సరే లేవండి లేవండి, మీకూ పొయ్యిలు ముట్టించాల గదా.