అద్దణ ఎక్కువ

(1948, కార్తీక మాసం, పొద్దున. ఇబ్రహీంపట్నం చెరువు దిగువన బండ్ల బాట. పొయ్యి ముందు రొట్టెలమ్మే నర్సింహమ్మ. ఎదురుగా, నాలుగు నెలల తర్వాత ఊళ్లోకి వచ్చిన చేపలు పట్టే బుగ్గయ్య.)

"గిదేంది బుగ్గయ్య, గిన్ని పైసలు పెట్టినవ్?"

"పొట్లం ధరనే గద వదినె. రెండున్నర అణాలు."

"అణ. ఒక్క అణ పెట్టు, కడమయి తీసుకో."

"అణనా?"

"అవ్. అణనే."

"పొట్లంల ఒక్క రొట్టేనా మరి?"

"రెండు జొన్నరొట్టెలు, ఒక చాప ముక్క, ఇంత కారం. ఎప్పటిదే. ఆకు విప్పి చూసుకో."

"చూసుడెందుకు, నీ చెయ్యి నాకెర్క లేదా. గని గీ కాలంల అణకు ఎవలిస్తరు? నాదర్‌గుల్‌ల మా అక్క ఇంట్ల నాలుగు నెలలుంటి. ఆడ ఉత్త రొట్టెలే మూడణాలు. బొంగులూరు కాడ ఒకామె నాలుగు చెప్తున్నది. మిల్ట్రీ వచ్చినంక అన్నీ అగ్గువైతయన్నరు. ఏమైనయి?"

"ఉప్పు దిగింది. గాసునూనె జర దిగింది. జొన్నలు దిగలే."

"రూపాయికి ఎన్ని శేర్లిస్తున్నరు?"

"మూడు. లడాయికి ముందు ఎనిమిదొచ్చేటియి."

"కట్టెలు?"

"మోపు ఆరణాలు. గుట్ట దిక్కు కట్టెలకు పోనిస్తలేరు. పోయినోల్లను పట్టుకొని, దళమోల్లకు తిండి మోస్తున్నరా అని అడుగుతున్నరు. మొన్నటిదాక రజాకార్లు అడిగిన్రు. ఇప్పుడు వీళ్ళు అడుగుతున్నరు. రుమాలు జర ముందుకు గుంజుకో, జీపు వచ్చేటాళ్ళయింది."

"గుంజుకున్న. గట్లయితే అణకు నీకేం మిగులతది?"

"ఏం మిగలది."

"మిగలకపోతే ఎట్ల ఎల్లుతది?"

"మా అమ్మ పెట్టిన వెండి కడియాలుండె. ఒకటి అమ్మిన. ఇంకోటున్నది."

"కడియాలమ్ముకొని ఊరోల్లకు రొట్టెలు పెడ్తున్నవా? నీకేమన్న..."

"పిచ్చి లేసిందా అంటవ్. అను. అందరు గదే అంటున్నరు. పక్క పొయ్యి సుగుణమ్మ దుమ్మెత్తి పోసింది. దాని గిరాకి చెడగొట్టిన్నట."

"మరి ఎందుకట్ల చేస్తున్నవ్ వదినె?"

"తిను. సల్లారుతది."

"అడిగినదానికి చెప్పవేంది?"

"నువ్వు తినవేంది?"

"తర్వాత తింట."

"కట్టిచ్చుకొని పోతవా? ఎవలికి?"

"ఎవలున్నరిప్పుడు. నాకే."

"ఒకప్పుడు శనివారం శనివారం ఐదు కట్టిచ్చుకపోతుంటివి."

"అవ్. వల కాడికి. ఐదుగురం రాత్రంత ఉంటుంటిమి గద."

"వల కాడికా?"

"వల కాడికే."

"బుగ్గయ్య, నేను చాపలోల్లింటి కోడల్ని. ఎండకాలం మోకాలు లోతు నీళ్ళల్ల ఐదుగురు రాత్రంత ఏం పడ్తరు? చెప్పు."

"నీకు ఎప్పటిసంది ఎర్క?"

"మొదటి శనివారం సంది. ఒక పొట్లంల కారం దండిగ పెట్టమంటివి. గంత కారం తినేటోడు ఈ ఊర్ల ఒక్కడే. నా మొగడు."

"ముత్యాలన్న నీకు చెప్పొద్దన్నడు వదినె. దళంల కలిసిండని తెలిస్తే నీకు నిద్ర పట్టదని. బొంబాయి మిల్లుల పనికి పోయిండని చెప్పమన్నడు."

"చెప్తివి. నేను నమ్మినట్టే తలకాయ ఊపిన. ఆయన లెక్కల నాకేం తెలియదు, నీ లెక్కల నాకేం తెలియదు. మీకు గది మంచిగనిపిస్తే నాకేం పోయింది. తిండన్న నా చేతిది పోతున్నది గద అనుకున్న."

"అందుకేనా అందరు మూడణాలు చేసినా నువ్వు రెండే తీసుకుంటివి?"

"అందుకే. పైన ఒక రొట్టె గూడ ఎక్కువేస్తుంటి. లెక్కపెట్టుకున్నవో లేదో."

"పెట్టుకోకేం. గా ఎక్కువ రొట్టె కోసం గుట్ట మీద కొట్లాట. ముత్యాలన్న నవ్వెటోడు. నా పెండ్లాం ఏసిన రొట్టెకు మీ పంచాయితేందిరా అని."

"నవ్వెటోడా?"

"మస్తు నవ్వెటోడు."

"ఇంట్ల ఉన్నన్ని దినాలు మూతి ముడుసుకొనే ఉండె. సర్కారోల్లు లేవీ జొన్నలు కొలుసుకపోయినప్పటి సంది నవ్వలే. గుట్టెక్కినంక నవ్విండన్నమాట."

"వదినె, నేను పోయొస్త."

"కూసో."

"జీపు వస్తదంటివి."

"వస్తే చాపలోడు రొట్టె తింటున్నడని చెప్త. కూసో. నిన్నొకటి అడగాలె."

"ఏంది?"

"తర్వాత అడుగుత. నువ్వు తిను ముందుగాల."

"తినబుద్ధయితలేదు."

"నా చేతి రొట్టె నీకు చేదెప్పటిసందయింది?"

"నీ చేతిదని కాదు. ఏ రొట్టె అయినా గంతే. మా అక్క అంబలి పోస్తే తాగుతున్న. రొట్టె నోట్ల పెట్టుకుంటే పక్కపొంటి ఇంకెవలో నములుతున్నట్టు ఇనపడ్తది. నేను నములుడు ఆపుత. ఆ సప్పుడు ఆగది."

"నాకు దగ్గు ఇనపడ్తది."

"ఎవల దగ్గు?"

"పొయ్యి మలిపినంక కట్ట మీదికెల్లి నడిసొస్తున్నట్టు సప్పుడైతది. దర్వాజ కాడ దగ్గినట్టయితది. ముందుగాల లేసి గొళ్ళెం తీస్తుంటి. ఎవలుండరు. నాలుగు నెలల సంది గొళ్ళెం పెట్టుడే బందు చేసిన. తీసే దాక ఆగలేక పోతున్నడేమో అని. ఇప్పుడు అడుగుత. మొన్న పెత్రమాసకు పెద్దలకు బియ్యమిచ్చిన. రూపాయికి శేరున్నర బియ్యం, అయినా తెచ్చిన. అయ్యగారు పోయినోల్ల పేర్లు చెప్పమన్నడు. మా మామ పేరు చెప్పిన. అత్త పేరు చెప్పిన. ఇంకెవలన్న ఉన్నరా అన్నడు. నాకు నోరు రాలే. ఆయనను పట్నం జైల్ల చూసినమని ఒకలన్నరు. తుర్కయాంజాల్ బండ్లోల్లు బెజవాడ దిక్కు పోయిండన్నరు. బతికున్నోని పేరు మీద బియ్యమిస్తే పాపం. పోయినోనికి ఇయ్యకపోతే ఆకలితోటి తిరుగుతడు. నాకు ఇంకేం వద్దు బుగ్గయ్య. ఆయన పేరు చెప్పాల్నా, వద్దా? గంతే చెప్పు."

"వదినె..."

"గంతే చెప్పు."

"చెప్పాల్సుండె వదినె."

"రొట్టె మాడుతున్నది. ఆగు."

"నేను తీస్త, నువ్వుండు."

"నేనే తీస్త. ఎన్నడు?"

"తొలేకాశి పండుగ మర్నాడు."

"శనివారం."

"అవ్. గా శనివారమే."

"గా శనివారం నువ్వు నా కాడికొచ్చినవ్."

"పదణాలు పట్టుకొని వచ్చిన. ఐదు పొట్లాలకు సరిగ్గ పదణాలు. నువ్వేమో అద్దణ పెంచిన్నంటివి. పొట్లం రెండున్నర. పదణాలకు నాలుగే వచ్చినయి. ఉద్దెరనన్న ఇయ్యి వదినె అంటి."

"ఇయ్యలే."

"పైన ఏసే రొట్టె గూడ ఎయ్యలే. నీ మొకం చూసి ఇంక అడగలేకపోయిన. ఉప్పు దొర్కుతలేదు, శేరు రూపాయి పలుకుతున్నదంటివి. నిజమే గద, సర్హద్దు మూసిరి, ఉప్పు బండి రాకపాయె. నాలుగు పట్టుకొని గుట్టెక్కిన."

"నాలుగు ఐదుగురికి పంచుకుంటే సరిపోకపోవునా? తలా ఇంత చింపుకొని?"

"కలిసి కూసునే కాలమా అది? రజాకార్లు దేవులాడుతున్నరని ఒక్కొక్కడు ఒక్కో రాతి గుండు సాటుకు పండుకొని ఉన్నరు. పొట్లం చేతిలకు ఇసిరేసుడే. ఇగ మన చాపలోల్ల కట్టుబాటు నీకెర్కనే. పంచి వంతులేసినోడు ఆఖరుకు తీసుకోవాలె. ఎప్పుడూ వంతులేసేది నేనే."

"ఆ దినం?"

"ముత్యాలన్న నా చేతిలకెల్లి గుంజుకున్నడు. నువ్వు నడిసొచ్చినవ్, వంతు నేనేస్త అన్నడు. ముందుగాల నాకే పెట్టిండు. నేను తీసుకున్న వదినె. ఆకలైతుండె. తీసుకొని గుండు ఎన్కకు పోయి విప్పిన."

"పోయి?"

"సగం తిన్న. సగం తిన్నంక యాదికొచ్చింది, నాలుగే గద, వంతులేసినోనికి ఏం మిగిలిందని. లేసి చూస్తే ఆయన కిందికి దిగుతున్నడు."

"కిందికంటే ఎటు?"

"ఊరి దిక్కు. పక్కోన్ని అడిగితే, ఇంటికి పోయి పొయ్యి మీది రొట్టె ఒకటి తిని తెల్లారేటాళ్లకు వస్త అన్నడట. మిగిలిన సగం పట్టుకొని ఎన్క ఉరికిన. నేను అలుగు కాడికి వచ్చేటాళ్లకు..."

"రెండు సప్పుళ్లయినయి."

"నువ్వు విన్నవా?"

"దీపం పెట్టే యాళ్ల. రెండు. నేను దర్వాజల నిలబడి ఉన్న. కట్ట మీద ఎవలో పందిని కొట్టిన్రనుకున్న. చెప్పు."

"ఎవలు కొట్టిన్రో మసక చీకట్ల నాకు కనపడలే. జమ్ముల పండుకున్న. ఆయన కట్టకు ఈ దిక్కే పడ్డడు, నీ ఇంటి దిక్కు మొకం. వాళ్ళు పోయినంక దగ్గరికి పోయిన. అప్పటికే అయిపోయింది. రాత్రి ముగ్గురం మోసుకపోయి గుట్ట కింద మట్టి చేసినం. జాగ చూపెడ్త వదినె, ఎప్పుడంటే అప్పుడు. రెండుసార్లు చీకట్ల నీ వాకిలి దాక వచ్చిన. దర్వాజ తెరిసే ఉండె. లోపల నువ్వు ఒత్తి తక్కువ చేసుకొని కూసున్నవ్. ఏమని చెప్పాలె? నీ మొగని రొట్టె నేను తిన్నంటనా?"

"నాలుగు నెలలు బుగ్గయ్య. నాలుగు నెలలు నేను బొట్టు పెట్టుకున్న."

"కొట్టు వదినె. నీ కాళ్ళ కాడ కూసున్న, కొట్టు."

"నిన్ను కొట్టి ఏం జేస్త. లే. బాట మీది బండ్లోల్లు చూస్తున్నరు."

"నా వల్లనే పోయిండు. ఇంకో అద్దణ... నా దగ్గర ఇంకొక రెండున్నర అణాలుంటే పోయేటోడు కాదు."

"పైసల సంగతి ఎత్తకు."

"ఎత్తకుంటె ఎట్ల? గందుకే ఇయ్యాల రెండున్నర తెచ్చిన. గా ఐదో పొట్లం కొనుక్కపోయి ఆయనను పెట్టిన కాడ పెడుదామని. నువ్వేమో అణ అంటివి. ఆఖరుకు గది గూడ నా చేతుల లేదు."

"అణ గూడ వద్దు. ఇంకో నాలుగు కడ్త, తీసుకపో."

"నువ్వెందుకు ఏడుస్తున్నవ్ వదినె? నీ తప్పేమున్నది? ఉప్పు పిరమైతే ధర పెంచవా? పెంచకుంటె నీ పొయ్యి లేస్తదా? అందరు పెంచిన్రు. తప్పు నాది, పోయి పంచుకొని తినకపోయిన నాది."

"ఆ దినం నా ఇంట్ల ఉప్పుండె."

"ఏంది?"

"కుండ నిండ ఉండె బుగ్గయ్య. చవితి పండుగ దాటే దాక సరిపోయేంత."

"మరి అద్దణ ఎందుకు పెంచినవ్?"

"ఆకలైతేనన్న ఆయన ఇంటికొస్తడని."