పెద్ద పెట్టె ముందు కుర్చీ

1999 వేసవి. మాదాపూర్‌లో ఒక కొత్త సాఫ్ట్‌వేర్ ఆఫీసు ప్రారంభోత్సవం. షామియానా వేదిక వెనక వీణ వాయించే ఉమాశ్రీ, బోరబండ మైకుసెట్టు లింగమూర్తి.

“ఇంకా పెంచండి, లింగమూర్తిగారూ.”

“పెంచితే కుయ్యిమని కూత పెడ్తదమ్మా. వీణకు అంటించిన మైకు ఈడ, స్పీకర్ పెట్టె గా పక్కకే.”

“మా నాన్నగారికి వినపడాలండీ. ఇంట్లో ఎంత గట్టిగా మీటినా ఊరికే తలూపుతారు. నా కోసం ఊపుతున్నారు, నాకు తెలుసు. మిగిలిన ఆ కాస్త చెవీ ఈ ఏడు దాటదన్నారు డాక్టరుగారు. మీ పెట్టెలున్నాయనే ఈ ప్రోగ్రాం ఒప్పుకున్నాను.”

“పెట్టెకు ఆనుకొని కూసున్న పెద్దాయనేనా?”

“నేనే కూర్చోబెట్టాను.”

“మేనేజర్ సారేమో సన్నగ పెట్టుమన్నడు. అతిథులు మాట్లాడుకుంటరంట.”

“మాట్లాడుకోనీండి! వీణ ఇటివ్వండి, శ్రుతి చూసుకుంటాను. ఇదేంటి... వెచ్చగా ఉంది?”

“ఏంది?”

“ఎక్కడ పెట్టారు దీన్ని?”

“యాంప్లిఫయర్ మీద. జరసేపే.”

“యాంప్లిఫయర్ మీదా!”

“సరస్వతి కదమ్మా. అందరు తొక్కే కాడ ఎట్ల పెడ్త? దుప్పటి పరిచే పెట్టిన.”

“తీగల కింది ఈ మెట్లన్నీ మైనంలో నిలబెడతారండీ! మైనం మెత్తబడింది. చూడండి, వేలు ఆనిస్తే కదులుతోంది. మెట్టు జరిగితే స్వరం తప్పుతుంది.”

“అయ్యో... తెల్వదమ్మా, నీ కాళ్లు మొక్కుత. ఐసు తెస్త. ఐసు పెడ్తే గట్టిపడ్తదా?”

“పరుగెత్తండి!”

“ఇగో, కూల్‌డ్రింకుల డబ్బాల కెల్లి తెచ్చిన. పట్టిందా?”

“పట్టింది. ఏ మెట్టు ఎక్కడ పట్టిందో మాత్రం... మీ జనరేటర్ మోతలో నాకేం తెలియట్లేదు.”

“పేరు పిలుస్తున్నరు. ఇయ్యాల కాదని చెప్పొస్త. తప్పు నాది.”

“వద్దు! ఇంత పెద్ద పెట్టె ముందు ఆయన్ని మళ్లీ ఎప్పుడు కూర్చోబెడతాను? ఎలా ఉంటే అలా వాయిస్తాను. మీరు తగ్గించకండి, చాలు.”

“మేనేజర్ సారు మళ్ల నన్ను పిలువడమ్మా...”

“దణ్ణం పెడతాను.”

“నువ్వు నాకు దణ్ణం పెట్టుడేంది! పెంచుత పో. కూతొస్తే రానీ.”

కాసేపటికి, వేదిక మీద ఉమాశ్రీ వాయిస్తోంది. వెనకే లింగమూర్తి.

“ఆపకమ్మా. చెవులు మూసుకుంటున్నరు, మూసుకోనీ. ఆపకు.”

“నాన్నగారో? తలెత్తాలంటే భయంగా ఉంది.”

“కదుల్తలేడు. కండ్లు మూసుకున్నడు.”

“తలూపుతున్నారా?”

“లేదమ్మా.”

“వినపడట్లేదు. అయిపోయింది, లింగమూర్తిగారూ. ఇంక అయిపోయింది.”

“ఉండు, ఉండు... లేచిండు. ఇటే వస్తున్నడు. చెయ్యి ఊపుతున్నడు, ఆపుమని—”

“ఉమా, ఆపవే! గాంధారం అంత దిగిపోతే నీకు వినపడటం లేదుటే?”