ఎడమకు తిప్పితే కుడికి

వేరుశనగ చెట్లు పీకుతుంటే జాకబ్‌ను పాము కరిచింది. ఊరికంతా కలిపి ఒక్కటే ఆటో, అది కూడా ఆ పొద్దే అనంతపురం మార్కెట్టుకు పోవాలా! కూతురు కృపాకుమారి ఆయన్ను తన సైకిల్ క్యారేజీ మీద కూర్చోబెట్టుకుని కుందుర్పి ఆసుపత్రికి తొక్కుతోంది.

“నాయనా, నిద్రపోతాండావా?”

“లేదమ్మా. ఎండకు కండ్లు మూసుకోనుండా, అంతే.”

“మూయద్దు. మాట్లాడతా ఉండు. సైకిలు ఎందుకు పుట్టిందో చెప్పు చూద్దాం.”

“నడిచి నడిచి కాళ్ళు నొప్పి పుట్టి.”

“కాదు. కరువొచ్చి.”

“ఏమంటివి?”

“నిజం నాయనా, కాలేజీలో క్విజ్‌కని చదివినా. రెండునూర్ల ఏండ్ల కింద జర్మనీ పక్క ఒక ఏడు ఎండాకాలమే రాలేదంట. పంటలు పోయినాయి, మేత లేక గుర్రాలు సచ్చిపోయినాయి. గుర్రం లేకుండా పోయేదెట్ల అని ఒకాయన రెండు చక్రాల కట్టెబండి చేసినాడు. పెడల్లు లేవు దానికి. కాళ్ళతో నేలను తన్నుకుంటా పోవాల. అట్ల కరువుకు పుట్టిందని కొందరంటారు.”

“అట్లయితే మన జిల్లాలో పుట్టాల్సింది కదమ్మే. ఏడాదికొకటి పుడుతుండె.”

“నగుతాండావు. నగు, నగు. వేపాకు నమిలినావా?”

“నములుతానే ఉండా.”

“ఎట్లుండాది?”

“చేదు. చేదు తెలుస్తాండేంత సేపు విషం పైకెక్కనట్లే అని మీయమ్మ చెప్పింది కదా. ఎక్కలేదు. మెల్లగా తొక్కు.”

“మెల్లగా తొక్కను. నువ్వు కాలు కదిలించద్దు.”

“ఎగశ్వాస వస్తాండాది నీకు. ముందర దోవ చీలే కాడ ఎడమకు తిప్పు. ఈరప్ప ఇల్లు ఆన్నే. వేరు అరగదీసి పోస్తాడు, మంత్రం వేస్తాడు.”

“చర్చిలో పెద్దవు నువ్వు. మంత్రానికి పోతావా?”

“ప్రార్థన నేను చేసుకుంటా, మంత్రం ఆయప్ప వేసుకుంటాడు. పామేమన్నా మతం అడిగి కరిచిందా?”

“ఓబుళేసు మామను గూడా పాము కరిస్తే ఈరప్ప కాడికే తీసకపోయినారు.”

“ఓబుళేసు మాట ఎత్తద్దు.”

“ఎత్తను.”

“ఎత్తద్దంటే ఎత్తద్దు.”

“ఎత్తలేదప్పా! వేరేది చెప్తా, ఇను. అప్పట్ల ఆడోళ్ళు సైకిలు తొక్కితే మొగం బిగుసుకపోయి, ఇంక ఎప్పటికీ అట్లే ఉండిపోతాదని డాక్టర్లు బెదిరించినారంట.”

“నీ మొగం ఎట్లుండాదో నాకు కనపడదే.”

“కనపడకపోతేనే మేలు.”

“ఏడుస్తాండావా?”

“చెమట. టైర్లో గాలి పెట్టాలని ఎవురికి తట్టిందో తెలుసునా?”

“పంచరు షాపోనికి.”

“పశువుల డాక్టరుకు. కొడుకు సైకిలు గతుకుల్లో ఎగిరెగిరి పడతాంటే చూడలేక, రబ్బరు గొట్టంలో గాలి నింపి చక్రానికి చుట్టినాడంట.”

“బిడ్డ పడతాంటే ఎవురు చూస్తారులే. నేను మాత్రం? నీ సీటు పట్టుకోని ఎంత దూరం పరిగెత్తలేదు!”

“యాడ పట్టుకున్యావు? పట్టుకోనుండా, పట్టుకోనుండా అని అరుస్తా వెనకాలే నిలబడిపోయినావు. రాగిచేను దాకా నేనొక్కదాన్నే పోయినా.”

“వదిలినానని చెప్పింటే పడిపోతుంటివి.”

“అంటే అబద్ధం చెప్పినావు.”

“నువ్వు భయపడకూడదని చెప్పినా. అది అబద్ధమా?”

“…నాయనా.”

“ఊ.”

“వేపాకు ఇప్పుడు గూడా చేదేనా?”

“చేదే.”

“కొమ్మ యాడ? నీ చేతిలో ఉండె కదా.”

“జారిపోయింది.”

“జారిపోయిందా, చేతికి పట్టు రాలేదా?”

“జారింది అంటాండా కదమ్మా.”

“మాట ముద్దముద్దగా వస్తాండాది.”

“నోట్లో ఆకుండాది. ఏమప్పా ఇది, పోలీసు మాదిరి అడుగుతాండావు! యాలా ఆపినావు?”

“చైను పడింది. దిగద్దు, కాలు కింద పెట్టద్దు. ఈ చింతమానుకు ఆనుకోని కూర్చో. ఒక్క నిమిషం.”

“నూనె వేయమని ఎన్నిసార్లు చెప్పినా… ఈ రెండు మాన్లూ ఎప్పుడు నాటినారో, మంచి నీడ.”

“రెండా?”

“…ఒకటే. ఒకటే అంటి.”

“నోరు తెరువు నాయనా. బుట్టలో అమ్మ పెట్టిన ఆకు ఇంకా ఉండాది. నేనే పెడతా. బాగా నమలు.”

“మళ్ళీనా?”

“మళ్ళీనే. ఆఁ, పట్టుకో నన్ను. పోతాండాం.”

“చైను అంత బిరీన ఎక్కిందా?”

“ఎక్కింది. నమిలినావా?”

“నమిలినా. ఉమ్మేసినా. థూ, నోరంతా చేదు.”

“నిజంగానా?”

“నిజంగా. ఇంక ఆసుపత్రి యాలమ్మా? ముందరంతా ఎత్తు. ఇంత బరువేసుకోని నీ కాళ్ళు పడిపోతాయి. అదో, దోవ చీలింది. ఎడమకు… ఆఁ, ఎడమకే తిప్పినావు. నా తల్లే!”

“కుడికి ఒరగాలంటే హ్యాండిలు ముందు చిటికెడు ఎడమకే తిప్పాల నాయనా. తెలిసినా తెలియకపోయినా అందరూ అట్లే తొక్కుతారు. అది గూడా క్విజ్‌లో ఉండె.”

“కృపా! ఇది కుందుర్పి దోవ! నా మాట ఇను, నాకేం కాలేదు. చేదుగా ఉండాది అంటాంటే!”

“ఎంత చేదు?”

“ముందర నమిలినదాని కంటే చేదు. గొంతులో దిగలేదంటే నమ్ము.”

“రెండు చేతులతో నా నడుము పట్టుకో నాయనా, తల నా వీపు మీద పెట్టుకో. ఇందాక నీ నోట్లో పెట్టింది చింతచిగురు.”