మొహం కనపడనిది కావాలి

ఏలూరులో ఖాదర్ గారి సీసీ కెమెరాల కొట్టు, భోజనాల వేళ దాటింది. బల్లకి ఇవతల గుండుగొలను నుంచి బస్సెక్కి వచ్చిన రిటైర్డ్ లెక్కల మాస్టారు సత్యానందం, అవతల ఖాదర్, ఆ పక్కన బిల్లులు రాసుకుంటూ ఆయన భార్య రబియా. మాస్టారు వచ్చి చాలాసేపయింది, బేరం మాత్రం మళ్ళీ మళ్ళీ మొదటికే వస్తోంది.

"ఇది కూడా నచ్చలేదాండీ?"

"నచ్చకపోవడం ఏం లేదండి ఖాదర్ గారూ. బాగానే ఉంది. మరీ బాగుంది. అదే వచ్చిన చిక్కు."

"బాగుంటే చిక్కేంటి మాస్టారూ? చీకట్లో చూడ్డానికే గదండీ కొనేది. అమావాస్య నాడు కూడా చెరువు అవతలి గట్టు మీద మనిషిని ఇట్టే ఆనవాలు పట్టేయొచ్చు. మీసం ఉందో లేదో కూడా చెప్పేయొచ్చండి."

"అంత అక్కర్లేదండి."

"పోనీ మీసం వద్దులెండి. మొహం మాత్రం..."

"మొహం అసలే వద్దు."

"ఆఁ?"

"మొహం కనపడనిది కావాలండి. మనిషి కనపడాలి, మొహం కనపడకూడదు. అలాంటిది లేదా మీ దగ్గర?"

"కొట్టు పెట్టినప్పట్నుంచీ ఈ మాట వినలేదండి. అందరూ మొహం సరిగ్గా కనపడటం లేదని తిరిగి పట్టుకొస్తారు. ఇదిగో, ఇది పాత మోడలు. కాస్త మసగ్గా ఉంటుంది."

"ఎంత మసకండీ? దగ్గర చుట్టాన్ని కూడా గుర్తుపట్టలేనంత మసకా?"

"అంత మసకయితే నేనెందుకు అమ్ముతానండీ! పోనీ జూమ్ తగ్గించుకుని చూసుకోండి."

"వేలు ఊరుకోదండి. పెంచేస్తుంది. ఒట్టు పెట్టుకుంది నోరు గానీ వేలు కాదు గదా."

"ఒట్టేంటండీ?"

"ఏం లేదు లెండి."

"అసలు దేనికండీ మీకిది? దేన్ని చూడాలి?"

"కొంగలండి. చేపపిల్లల్ని తినేస్తున్నాయి."

"కొంగ మొహం కనపడితే మీకేం ఇబ్బందండీ?"

"... నీటికుక్కలు కూడా వస్తున్నాయి లెండి."

"వాటి మొహాలతో కూడా ఇబ్బందేనా?"

"ఖాదర్ గారూ, నాకు అబద్ధం చేతకాదు. ఇన్నేళ్ళూ పిల్లల అబద్ధాలు పట్టుకోవడంతోనే సరిపోయింది, నేనొకటి ఆడి అలవాటు చేసుకోలేదు. మనిషేనండి."

"దొంగా?"

"దొంగయితే స్టేషన్లో చెప్పి హాయిగా పడుకుందును. మా తమ్ముడండి. కృపావరం."

"తమ్ముడు గారు మీ చేపలు పట్టుకుపోతున్నారా!"

"ఛ ఛ. వాడి చేపలే వాడికి బోలెడు. నాదీ వాడిదీ పక్కపక్క చెరువులండి, కొల్లేటి వైపు. మధ్యలో ఇద్దరికీ ఒకటే గట్టు. రాత్రిళ్ళు కాపలాకి వాడు ఆ గట్టు మీద తిరుగుతాడు. నేను నా చెరువుకి ఇవతల, పాకలో ఉంటాను. వాడు లైటు వెయ్యడు. కాపలావాడు ఎక్కడున్నాడో దొంగకి తెలియకూడదని మా నాన్న నేర్పిన పద్ధతి. మొన్న వేసవిలో గుండెకి స్టెంటు వేశారు. అయినా మానడు. చీకట్లో, ఆ జారే గట్టు మీద, ఒక్కడే... పడిపోయాడనుకోండి? నాకు తెలియాలా వద్దా?"

"తెలియాలండి. కానీ దానికి ఈ సామానంతా ఎందుకు? వెళ్ళి పక్కన నడవొచ్చు గదా."

"వాడి మొహం చూడనని ఒట్టు పెట్టుకున్నానండి."

"అయ్యో, అదా! కోపంలో అందరం అంటాం మాస్టారూ."

"అందరూ ఇంట్లో అంటారు. నేను చర్చిలో అన్నాను. ఆరాధన అయ్యాక, సంఘమంతా నిలబడి ఉండగా, బైబిల్ మీద చెయ్యి వేసి మరీ అన్నాను. నేను సంఘ పెద్దనండి. ఒట్టు పెట్టుకోకూడదని సండే స్కూల్లో ఏటేటా పాఠం చెప్పేది కూడా నేనే. ఆ పిల్లలంతా ముందు వరసలో నిలబడి చూశారు. అందులో ఒకత్తి, ఏంజెల్ అని, 'తాతగారూ, ఇది పరీక్షలో వస్తుందా' అని అడిగింది."

"దేనికొచ్చిందండీ అంత గొడవ?"

"తూము. వాడి చెరువులో నీళ్ళు పచ్చబడ్డాయని, నాకు చెప్పకుండా తలుపు ఎత్తేశాడు. ఆ నీళ్ళన్నీ నా చెరువులోకొచ్చి నా బొచ్చె చేపలు చచ్చి తేలిపోయాయి. కొన్నేనండి. సంఘంలో చెప్పేటప్పుడు మాత్రం చెరువంతా అన్నాను."

"అప్పట్నుంచి చూడనే లేదా?"

"లేదండి. వాడు తెల్లవారుజామున మొదటి ఆరాధనకి వస్తాడు, నేను రెండోదానికి వెళ్తాను. రోడ్డు మీద ఎదురుపడితే కొట్ల బోర్డులు చదువుకుంటూ పోతాను. ఊళ్ళో బోర్డులన్నీ కంఠతా వచ్చేశాయి. టైర్ల కొట్టు ఫోన్ నంబరు కావాలా? చూడకుండా చెప్తాను."

"మరి స్టెంటు వేసినప్పుడైనా వెళ్ళలేదా?"

"వెళ్ళకుండా ఎలా ఉంటానండీ! ఇక్కడికే, ఏలూరే వచ్చాను. వార్డు తలుపు కాస్త తీసి కాళ్ళు చూసొచ్చాను. కాళ్ళు చూడకూడదని ఒట్టులో లేదు గదా. నర్సు వచ్చి 'పేషెంటుకి మీరేమవుతారండీ' అంది. 'పక్క బెడ్డు తాలూకు' అని చెప్పి బయటపడ్డాను. కాళ్ళు బాగా వాచి ఉన్నాయండి. బస్టాండు దాకా ఏడ్చుకుంటూ వెళ్ళాను. గడ్డం తెల్లబడ్డాక రోడ్డు మీద ఏడిస్తే జనం దారి ఇస్తారండి, అదొక సుఖం."

"ఉండండి మాస్టారూ. మీకు సరిపోయేది ఒకటుంది. ధర ఎక్కువని చూపించలేదు. థర్మల్ అంటారు. దీనికి వెలుతురుతో పనిలేదు, ఒంటి వేడిని పట్టుకుంటుంది. మనిషి తెల్లగా ఓ ఆకారంలా కనపడతాడు. కళ్ళూ ముక్కూ ఏమీ తెలీదు."

"అబ్బ, అదీ మాట! చూడొచ్చాండీ?"

"నేను వెనక గదిలోకి వెళ్ళి లైటు ఆపేస్తాను, మీరు గుమ్మం దగ్గర నిలబడి చూడండి... ఆఁ, కనపడ్డానా?"

"ఓహో! తెల్లటి బియ్యం మూటలా ఉన్నారండి. పొట్ట దగ్గర మరీ తెల్లగా..."

"ఇప్పుడే భోంచేశానండి."

"మొహం మాత్రం ఏమీ లేదు. పాస్టరు గారు నా పక్కన కూర్చుని చూసినా ఒట్టు తప్పినట్టు కాదు. ఖాదర్ గారూ, ఏమీ అనుకోకుండా కాస్త పడుకుంటారా?"

"ఎందుకండీ?"

"పడిపోతే ఎలా కనపడుతుందో చూడాలి గదండీ."

"కిందంతా దుమ్ముందండి... సరే, ఇదిగో, పడుకున్నాను."

"కనపడుతున్నారు, కనపడుతున్నారు. పొడుగ్గా ఉన్నారు. ఖాదర్ గారూ... ఒకవేళ మనిషి పోతే?"

"పోతే ఒంట్లో వేడి ఉండదు గదా మాస్టారూ. మెల్లమెల్లగా మసకబారి, గట్టు రంగులో కలిసిపోతాడు. మాస్టారూ? లేవొచ్చాండీ?"

"లేవండి. తొందరగా లేవండి. నాకు భయమేస్తోంది."

"బాబాయ్ గారూ, ఇలా వచ్చి కూర్చోండి. ముందు ఈ మంచినీళ్ళు తాగండి. ఏవండీ, మీరు లైటు వేసి చొక్కా దులుపుకోండి."

"పరవాలేదమ్మా రబియా. ఊరికే, అదోలా అయింది."

"ఒక్క మాట అడగనా బాబాయ్ గారూ? స్టెంటు వేసింది వేసవిలో అన్నారు. అప్పట్నుంచీ ఆయన చీకట్లోనే తిరుగుతున్నారు గదా. ఇప్పుడు కొత్తగా ఈ కంగారెందుకొచ్చింది?"

"ఇన్నాళ్ళూ దగ్గు ఉండేదమ్మా."

"మీకా?"

"వాడికి. రోజూ రాత్రి దగ్గేవాడు. ఆ దగ్గు వినపడగానే, హమ్మయ్య, తిరుగుతున్నాడులే అని దుప్పటి కప్పుకుని పడుకునేవాణ్ణి. ఈమధ్య ఆగిపోయింది. పగలు బాగానే ఉన్నాడట, మా ఆవిడకి పాలకేంద్రం దగ్గర కనపడుతున్నాడట. రాత్రి సంగతే తెలీక చస్తున్నాను. ఏ దిక్కుమాలిన డాక్టరో వాడి దగ్గు నయం చేసేశాడు. తమ్ముడికి దగ్గు తగ్గిందని దిగులుపడే అన్న ఈ జిల్లా మొత్తం మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను."

"గట్టంతా దగ్గుకుంటూనే తిరిగేవారా?"

"లేదమ్మా. గట్టంతా చడీచప్పుడూ ఉండదు. సరిగ్గా నా పాకకి ఎదురుగా వచ్చాక ఆగి దగ్గేవాడు. కాసేపుండి మళ్ళీ దగ్గేవాడు. అక్కడి గాలి పడదేమో వాడికి."

"ఏం మందు వాడారో కనుక్కున్నారా?"

"మా ఆవిడ కృపమ్మని పంపాను. వాళ్ళావిడ ఏమందో తెలుసా? 'ఆయనకి దగ్గెక్కడిదక్కా, ఎప్పుడూ లేదే' అందట. మా దగ్గర దాస్తున్నారు, చూశావా?"

"ఆయన అలా దగ్గినప్పుడు మీరేం చేసేవారు బాబాయ్ గారూ?"

"నేనేం చేస్తానమ్మా. ఊపిరి బిగబట్టి పడుకునేవాణ్ణి. పాకలో లైటు కూడా వేసుకోను. నేనున్నట్టు వాడికి తెలియకూడదు గదా. వాడు కాసేపు నిలబడేవాడు. మళ్ళీ దగ్గేవాడు. ఇటు నుంచి ఏమీ వినపడకపోతే ఇక..."

"ఇక?"

"ఇక... వెళ్ళిపోయేవాడు. అమ్మా."

"చెప్పండి బాబాయ్ గారూ."

"వాడికి దగ్గు లేదమ్మా."

"లేదండి."

"నేనున్నానో లేదో అని అడిగేవాడు."

"రబియా, ఊరుకో. పెద్దాయన్ని ఏడిపించకు."

"తనేం అనలేదండి ఖాదర్ గారూ. నేనే అంటున్నాను. క్లాసులో ఎవడు దగ్గినా, బోర్డు వైపు తిరిగి ఉండి కూడా, ఎందుకు దగ్గాడో చెప్పేవాణ్ణి. వీడు కాపీ కొడుతున్నాడు, వాడు బయటికి వెళ్ళాలి అని. నా సొంత తమ్ముడు అన్ని నెలలు పిలిస్తే, గాలి పడలేదనుకున్నాను. నన్నా సంఘ పెద్దని చేశారు! నేను పలక్కపోయేసరికి వాడు విసుగొచ్చి మానేశాడు."

"మానేశారో, ఇంకా వచ్చి ఊరికే నిలబడి వెళ్తున్నారో. ఈ థర్మల్‌లో చూస్తే తెలిసిపోతుంది గదండీ. ప్యాక్ చేసేయనా మాస్టారూ?"

"దీంతో చూస్తే నాకు తెలుస్తుందండి. వాడికేం తెలుస్తుంది?"

"పోనీ ఒట్టు తీసేసుకోండి. పాస్టరు గారితో నేనొచ్చి మాట్లాడతాను. ముస్లిం వచ్చి అడిగితే మొహమాటపడి ఒప్పుకుంటారు."

"వద్దండి. బైబిల్ మీద పెట్టింది. తప్పు ఒట్టే గానీ పెట్టింది నేనే, ఆ పిల్లలకి ఇప్పుడు ఒట్టు తప్పడం కూడా నేర్పలేను."

"బాబాయ్ గారూ, ఆయన కూడా పెట్టుకున్నారా ఒట్టు? మీ మొహం చూడనని?"

"వాడా? వాడు ఆ రోజు నోరే ఎత్తలేదమ్మా. నేను లోపల అరుస్తుంటే బయటికి వెళ్ళి, మెట్ల కింద పడున్న నా చెప్పులు నీడలోకి జరిపి పెట్టి ఇంటికెళ్ళాడట. మా ఆవిడ చెప్పింది."

"అయితే ఆయనకి ఏ అడ్డూ లేదు."

"లేదు... ఖాదర్ గారూ, ఇవన్నీ లోపల పెట్టేయండి. ఓ మామూలు టార్చి లైటు ఇవ్వండి. వెలుతురు గట్టిగా ఉండాలి."

"టార్చా? గట్టు మీద వేశారంటే ఆయన మొహం కనపడిపోద్ది గదండీ!"

"గట్టు మీద కాదండి. పాక ముందు కూర్చుని, నా మొహం మీద వేసుకుంటాను."