నాన్న దగ్గర ఏడవని పిల్ల

ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరూ పనిచేసే మరమగ్గాల షెడ్డుకి సెలవు. మేడమీద, చెక్కల నేల ఉన్న గదిలో పాప, వాళ్ళ పిట్ట, చాపమీద నిద్రపోతోంది. దానికి వీపు పెట్టి కూర్చుని తండ్రి, అది నడక నేర్చుకోవడానికని చిన్న తోపుడుబండి బిగిస్తున్నాడు. తల్లి అతనికి ఎదురుగా కూర్చుని చక్రం పట్టుకుంది. పట్టుకున్నదన్న మాటే గానీ ఆమె మనసు చక్రం మీద లేదు.

“అంత గట్టిగా పిసుకుతావేంటే దాన్ని? చక్రం ఊడొచ్చేట్టుంది.”

“ఊడితే ఊడనీ. ముందు నేనడిగినదానికి చెప్పు బావా.”

“ఏమడిగావు?”

“అదిగో, మళ్ళీ ఏమడిగావంటాడు. కింది వాటా పిన్నిగారు...”

“తలొంచుకుని చక్రంతో మాట్లాడితే నాకేం తెలుస్తుంది? ఇటు చూసి చెప్పు.”

“చూస్తున్నా, సరేనా? కింది వాటా పిన్నిగారు నిన్న నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది. నేనటు పనిలోకి వెళ్ళడం, ఇటు పిట్ట ఏడుపు మొదలవడమట. గుక్కపెట్టి ఏడుస్తోందట. ఎత్తుకునే దిక్కు లేదట.”

“మన పిట్టా?”

“ఇంకెవరి పిట్ట?”

“ఆవిడకి పొద్దుపోదు. మొన్నటిదాకా నా చెప్పుల చప్పుడన్నది. అంతకుముందు బకెట్టు లాగిన చప్పుడన్నది. ఇప్పుడు పిల్ల దొరికింది.”

“తలుపు కూడా తట్టిందట.”

“ఎప్పుడు?”

“మొన్న. ‘చేతులు కందిపోయేలా బాదానమ్మాయ్, లోపల పిల్ల ఏడుస్తూనే ఉంది, మీ ఆయన ఉలకడు పలకడు’ అంది.”

“అబద్ధం.”

“అబద్ధం చెప్తే ఆవిడకేమొస్తుంది?”

“నాకేమొస్తుంది?”

“అదే తెలుసుకుందామని కూర్చున్నా. ఎక్కడికెళ్తున్నావు బావా?”

“ఎవరు, నేనా?”

“నేనటు తిరగ్గానే పిల్లనిక్కడ పడేసి ఎక్కడికెళ్తున్నావు? పేకాటకా?”

“నా మొహానికి పేకాట ఒకటి తక్కువ! పిల్ల మీద ఒట్టు...”

“దాని మీద ఒట్టు వద్దు. దానిమీద చెయ్యి వేశావంటే ఊరుకోను. ఉత్త మాటలోనే చెప్పు.”

“ఉత్త మాటలోనే చెప్తున్నా. రాత్రి షిఫ్టు దిగి వస్తాను. నువ్వు చెప్పులేసుకుంటూ ఉండగా పిల్లని అందుకుంటాను. మళ్ళీ నువ్వొచ్చేదాకా గడప దాటను. గిన్నెలు తోముతాను. దాని బట్టలు పిండి కిటికీకి ఆరేస్తాను. అది పడుకుంటే నేనూ పక్కన ఓ కునుకు తీస్తాను. ఇంతే నా రాజభోగం.”

“ఆ కునుకే మొద్దునిద్ర అవుతోందేమో?”

“నా పక్కలో అది కాలు కదిపితే లేస్తాను. మొద్దునిద్రట!”

“మరి ఏడుపు?”

“అది నా దగ్గర ఏడవదే! ఎన్నిసార్లు చెప్పాలి? రాగాలన్నీ నీకు. నా దగ్గరయితే బంగారం. కిక్కురుమనదు.”

“ఏడాది నిండని పిల్ల పగలల్లా కిక్కురుమనకుండా ఉంటుందా?”

“కుళ్ళు నీకు.”

“కుళ్ళా?”

“కాక? తొమ్మిది నెలలు మోసింది నేను, నా దగ్గర ఏడ్చి వాడి దగ్గర నవ్వుతుందా అని. పైకి అనవు గానీ లోపల ఉడికిపోతున్నావు.”

“కుళ్ళు కాదు బావా, భయం. నేనొచ్చేసరికి దాని చెంపలు చారలు కట్టి ఉంటున్నాయి.”

“చొంగ. పళ్ళొస్తున్నాయిగా, మొహమంతా పూసుకుంటుంది. తుడవలేక చస్తున్నా.”

“చొంగ కళ్ళ కిందనుంచి కారుతుందా?”

“నువ్వు గుడ్డ చెకింగ్ గదిలో కాదు, కోర్టులో ఉండాల్సిన మనిషివి. ఆ మరమేకు ఇలా ఇవ్వు. అది కాదు, పొడుగుది.”

“ఇంకా ఉంది.”

“ఏంటి ఇంకా?”

“పిన్నిగారన్నది. చెప్పనా వద్దా అని రాత్రంతా దొర్లాను.”

“నీళ్ళు నమలకు. అనెయ్.”

“‘చాలాసేపు ఏడుస్తుంది. తర్వాత మా నెత్తిమీద ధబధబమని చప్పుడవుతుంది. ఆ తర్వాత ఏడుపు ఠక్కున ఆగిపోతుంది. మీ ఆయన పిల్లని కొడుతున్నాడేమో చూసుకో అమ్మాయ్’ అంది.”

“నేనా? పిట్టనా?”

“బావా.”

“నువ్వేమన్నావు?”

“ఏమనను?”

“నా మొగుడు అలాంటివాడు కాదు అనలేదూ?”

“అన్నాను. అని మెట్లెక్కాను. ఎక్కి ముందు పిట్ట ఒళ్ళంతా తడిమి చూశాను.”

“అంటే నమ్మావు.”

“నమ్మలేదు. నమ్మలేదు కాబట్టే అడుగుతున్నా. నమ్మితే నీ ఎదురుగా కూర్చుని చక్రం పట్టుకుంటానా? చెప్పు, ఆ చప్పుడేంటి?”

“దరువు.”

“ఏంటీ?”

“దరువే! పిట్ట వేసే దరువు. నవ్వొస్తోంది నాకు. రెండు చేతులూ ఎత్తి నేలని బాదుతుంది. చెక్కల నేల కదా, వంటింట్లో ఉన్నా నా అరికాళ్ళకి తెలిసిపోతుంది. ఒక్క ఉదుటున వచ్చి వాలతాను. పాలు కావాలంటే ఒక రకం దరువు, ఎత్తుకోమంటే ఇంకో రకం. తండ్రీ కూతుళ్ళ వ్యవహారం, మధ్యలో పిన్నిగారెవరు?”

“నా దగ్గర ఎప్పుడూ నేల కొట్టలేదే?”

“నీకు ఏడుపు చాలుగా. నీకు ఏడుపు, నాకు దరువు. ఎవరి దగ్గర ఏం చెయ్యాలో దానికి బాగా తెలుసు. నా పోలిక.”

“ఎప్పట్నుంచి కొడుతోంది?”

“ఏమో. పాకడం వచ్చిన కొత్తల్లోంచి. అంతకుముందు కాళ్ళతో తన్నేది. అదేంటి, అలా చూస్తావు? పిల్లని కొట్టలేదు అన్నానుగా. ఇంకేం కావాలి?”

“నూనె డబ్బా సంగతి కూడా చెప్పు.”

“ఏ నూనె డబ్బా?”

“నన్ను ఆడించకు బావా. నిన్ను ఫిట్టర్ పనిలోంచి తీసేసి మగ్గాలకి నూనె పోసే పనిలో వేశారట. గుడ్డలో పోగు తెగితే వెతికి పట్టుకునేదాన్ని, నా ఇంట్లో సంగతి నాకు ఊరంతా చెప్పాక తెలిసింది.”

“తీసెయ్యలేదు. మార్చారు.”

“ఎందుకు మార్చారు?”

“మేస్త్రికి నామీద కన్ను. మూలమగ్గం కొట్టే దెబ్బ చప్పుడు మారిందట. అందరికీ తెలిసిందట, నాకు తెలీలేదట. నేను పక్కనే నిలబడి ఉండగా పడుగు నూలంతా తెగి కుప్పయిందట. మారలేదే! మారితే నాకు తెలీదూ? చప్పుడు బట్టి మగ్గానికి జబ్బేంటో చెప్పేవాణ్ణి. మేస్త్రి కూడా వచ్చి నన్నే అడిగేవాడు.”

“నాకెందుకు చెప్పలేదు?”

“సిగ్గేసింది. నూనె డబ్బా పట్టుకుని కుర్రాళ్ళ వెనక తిరుగుతున్నానని పెళ్ళానికేం చెప్పుకోను?”

“అది దాచావు. మరి ఇది దాచలేదని నేనెలా నమ్మాలి? పిన్నిగారు ఏడుపు వినపడిందంటుంది, నువ్వు లేదంటావు. ఇద్దర్లో ఒకరు అబద్ధమాడుతున్నారు.”

“నేను కాదు.”

“ఆవిడా కాదు. ఆవిడ అరుస్తుంది, తిడుతుంది, కానీ కల్పించి చెప్పదు. అందుకే ఒక నిర్ణయానికొచ్చాను. శుక్రవారం పుట్టినరోజు అయిపోగానే పిట్టని మా అమ్మ దగ్గర దింపేస్తా.”

“...ఎన్నాళ్ళు?”

“కాస్త పెద్దయ్యేదాకా.”

“అక్కడికి ఒక పూట ప్రయాణం.”

“తెలుసు.”

“నెలకోసారి వెళ్ళి చూడాలా నా కూతుర్ని? చుట్టంలాగా?”

“నాకు మాత్రం సంబరమా? దాని నోట్లో మొదటి పన్ను నేను చూడలేదు, నువ్వు చూశావు. కుర్చీ పట్టుకుని నిలబడటం నువ్వే చూశావు. ఇప్పుడు ఉన్న కాస్తా వదులుకుంటానంటున్నానంటే ఎంత హడలిపోయానో ఆలోచించు. రేపు అది ఏ మెట్ల మీదనుంచో దొర్లి ఏడిస్తే...”

“అది లేకపోతే ఈ బండి ఎవరు తోస్తారే? నేనా?”

“ఏడిపించకు బావా.”

“మొహం తిప్పుకోకు. ఇటు చూడు. నీ మొహం కనపడకపోతే నాకు మాట అందదు.”

“అవును, ఈ మధ్య ఇదొకటి. ఇటు తిరుగు, ఇటు చూడు. రాత్రి దీపం తీసేస్తే ఇక మాటల్లేవు.”

“షెడ్డులో అలవాటు. పెళ్ళికి ముందు నీ గొంతెలా ఉంటుందో నాకు తెలుసా? ఆ మోతలో నీ పెదాలు చూసే కదా అన్నీ మాట్లాడుకున్నాం. మొదటిసారి నువ్వన్నది ఇంకా గుర్తే, ‘చొక్కా చిరిగింది, చూసుకో’ అని.”

“అక్కడంటే మోత. ఇంట్లో ఏముంది?”

“ఏమో. చూడాలనిపిస్తుంది.”

“నేనూ అలాగే అనుకున్నా. ఇన్నేళ్ళయినా నా మొహం చూస్తేగానీ మాట్లాడడు అని చెకింగ్ గదిలో గొప్పలు కూడా పోయాను.”

“గొప్పే మరి! సరే, ముందిది కానివ్వు. ఆ సన్నపానా అందుకో. నా వెనక, పిట్ట చాప పక్కన పెట్టెలో ఉంది.”

“లేస్తున్నా. దాన్ని లేపకుండా తియ్యాలి.”

“నెమ్మదిగా.”

“ఏ పెట్టె బావా? ఇక్కడ రెండున్నాయి. రేకుదా, చెక్కదా?”

“బావా, నిన్నే. రేకుదా?”

“పలకవేం బావా? అలిగావా?”

“సరే, అలుగు. తల్లిని కాబట్టి అన్నాను. నా మనసు బాగుండి అన్నానా? ఒక్క మాట తిట్టు, పోతుంది. ఇలా వీపు చూపించి కూర్చోకు.”

“దొరికిందా పానా?”

“ఏ పెట్టె అనేగా ఇందాకట్నుంచి అడుగుతున్నా!”

“ఏమే, దొరికిందా? పానా వెతకడానికి ఇంతసేపా?”

“...బావా?”

“బావా, నేను పిల్లని తీసుకుని వెళ్ళిపోతున్నా. ఇప్పుడే. విన్నావా?”

“ఈ మరమేకు ఒక్కటి బిగిస్తే అయిపోయినట్టే. శుక్రవారం పొద్దున్నే దీనిచేత గది నాలుగు మూలలూ తోయిస్తాను చూడు.”

“అయ్యో.”

“ఉఁ... ఉఁహుఁ... ఆఁ...”

“లేచావా తల్లీ? నా గొంతుకే లేచావా? ఆగు... ఆగమ్మా, ఇప్పుడే ఎత్తుకోను. ఒక్కసారి. నాన్న తిరుగుతాడేమో చూద్దాం.”

“ఆఁ... ఆఁ... వ్వాఁ...”

“ఇంకాస్త గట్టిగా ఏడు తల్లీ. నీకు దణ్ణం పెడతా, ఇంకాస్త గట్టిగా.”

“వ్వాఁ! వ్వాఁ!”

“ఎర్రరంగు వేద్దామా, పసుపా? పసుపయితే మురికి కనపడుతుంది. ఏమంటావు?”

“చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఏడుస్తోంది బావా! ఒక్కసారి తల తిప్పు. ఒక్కసారి!”

“ఎరుపే వేద్దాం.”

“నువ్వు ఎక్కడికీ వెళ్ళలేదు. తలుపు బాదినప్పుడూ ఇక్కడే ఉన్నావు. వంటింట్లో గిన్నెలు తోముకుంటూ ఇక్కడే ఉన్నావు. నాకు అబద్ధం చెప్పలేదు నువ్వు. పేకాటని నేనే అన్నాను. కొట్టావేమోనని నేనే వణికాను. నీకు వినపడటం లేదు బావా. నీకే తెలీటం లేదు.”

“ఉఁ... ఉఁ...”

“ఆపేశావేం తల్లీ? ఎక్కడికి పాకుతున్నావు? నాన్న దగ్గరికా? ఆ చేతులెందుకు ఎత్తుతున్నావు... ఓసి నా పిచ్చితల్లీ. నాన్నకి ఏడుపు అందదని నీకెప్పుడు తెలిసిందే? ఇన్నాళ్ళూ పక్కనున్న నాకే తెలీలేదే!”

“ధబ్! ధబ్! ధబ్!”

“ఓహో! పిలిచావా నాన్నని? వచ్చా, వచ్చా! చూశావుటే దరువు? నా వెనకే లేచి కూర్చుందన్నమాట. ఏమైనా అల్లరి చేసిందా? రా బంగారం, రా. అబ్బబ్బ, మళ్ళీ మొహమంతా చొంగ, కళ్ళదాకా పూసుకున్నావు. అదేంటే, నువ్వెందుకు కళ్ళు తుడుచుకుంటున్నావు? ఇదిగో, నీ ఎదురుగానే ఉన్నాంగా ఇద్దరం. ఇప్పుడు నువ్వే చెప్పు. ఏడ్చిందా నా కూతురు?”